భూమిలోని చెఱువునకు తైబందీ

(రామగుండము ప్రాంతపు పట్టాదారుల కొఱకు ఉద్దేశింపబడిన ఉపన్యాసము)



చెఱువు క్రింద తరి భూమి గల కుటుంబములలో తైబందీ యను మాట నెఱుగనివారు లేరు. వానలు చాలక చెఱువు సగమే నిండిన యేట, తాబీ నాట్లకు ముందు ఊరి పెద్దలును నీరటివాడును కట్టపై నిలిచి నీటిమట్టమును చూచి, ఆ నీరు ఎన్ని యెకరములకు కోతవఱకు సరిపోవునో నిర్ణయించుచుండిరి. పిదప ఆయకట్టులో ప్రతి రైతునకును వాని భూమి ననుసరించి వంతు ఏర్పడుచుండెను. ఇరువది యెకరముల పట్టాదారు ఐదెకరములు నాటుకొనినచో, రెండెకరముల రైతు అర యెకరము నాటుకొనెడివాడు. దీనిని అన్యాయమని యెవ్వరును అనలేదు. నీరు అందఱి కన్నుల యెదుటనే యుండెను. ఒకడు మితిమీఱి నాటినచో పదుగురి పైరు పొట్టదశలో ఎండునని అందఱును ఎఱిగియుండిరి.

నేడు రామగుండము పరిసరములలో సేద్యమున కాధారము చెఱువొక్కటియే కాదు. బావులును, అంతకంటె ఎక్కువగా బోరుబావులును తాబీ పంటను మోయుచున్నవి. ఆ నీరు కంటికి కనబడదు గనుక దానికి పెద్దలు లేరు, నీరటివాడు లేడు, వంతు లేదు. పది బోర్లు పది వేర్వేఱు నిధులని యెంచి, ఎవరి నిధిని వారు తోడుకొనుచున్నారు. వాస్తవమున ఆ పదియు ఒకే చెఱువునకు పెట్టిన పది తూములు.

ఈ భూమిలోని చెఱువు ఎట్టిదో ముందుగా తెలిసికొనవలెను. వాన కురిసినప్పుడు కొంత నీరు వాగులలో పాఱిపోవును. అధికభాగము మన్నును తడిపి, ఎండ వేడిమిచేతను, పైరుల చెట్ల ఆకుల ద్వారమునను మరల ఆవిరియగును. మిగిలిన స్వల్పభాగము మెల్లగా దిగి, రాతి పగుళ్లను, ఇసుక రేణువుల నడిమి సందులను నింపి నిలుచును. నేల క్రింద నదులు పాఱుచున్నవని కొందఱు తలంతురు గాని ఈ ప్రాంతమున అట్టి నది యేదియు లేదు. నీటిలో నానవేసిన ఇటుకయందు నీ రెట్లుండునో, రాతియందును అట్లే యుండును.

అయితే అన్ని ఇటుకలును సమానముగా నీరు పీల్చవు. రామగుండమునకు నైఋతి దిక్కున పెద్దపల్లి, సుల్తానాబాదు వైపు గ్రానైటు జాతి గట్టిరాయి కలదు. ఆ రాతి పైభాగము యుగయుగముల యెండకు వానకు చివికి మొరముగా మాఱినది. చల్క నేల క్రింద పారతో తవ్వ వచ్చునదియే ఆ మొరము. బావినీటిలో అధికభాగము దానియందే నిలుచును. దాని క్రింద గట్టిరాతిలో పగుళ్లున్న చోట కొంత నీరు దొరకును, లేనిచోట ధూళియే వచ్చును. బసంతునగరము దగ్గఱ సున్నపురాతి పట్టె యొకటి గలదు. సిమెంటు కర్మాగార మచ్చట వెలయుటకు అదియే కారణము. దానిని దాటి గోదావరిఖని వైపు పోయినచో ఇసుకరాతి పొరలు, వాని నడుమ బొగ్గు పొరలు వచ్చును. ఇసుకరాయి గట్టిరాతికంటె ఎక్కువ నీటిని పట్టును. గోదావరి యొడ్డున సన్నని పట్టెలో ఇసుక, ఒండ్రుమట్టి కలవు. నీరు పట్టుటలో అది అన్నిటికంటె మేలు. ఒకే తాలూకాలో ఒక రైతు బోరు ఏండ్ల తరబడి పోయుటకును, రెండు కోసుల దూరమున మఱియొకని బోరు రెండవ యేటనే యెండుటకును నేలలోని యీ భేదమే కారణము. కొబ్బరికాయను అరచేత పట్టి చూపువాడు ఈ భేదమును చెప్పలేడు.

ఇక లెక్కకు వత్తము. భూగర్భజల శాఖవారు దేశమంతట ఒకే పద్ధతిని అనుసరింతురు. కేంద్ర ప్రభుత్వపు నిపుణ సంఘ మొకటి 1997లో దానిని ఏర్పరచెను. 2015లో అది సవరింపబడెను. దాని ప్రకారము మొరము గల గట్టిరాతి నేలపై కురిసిన వానలో 100కు సుమారు 11 పాళ్లు మాత్రమే లోపలికి దిగి నిలుచును. ఒక యేట 40 అంగుళముల వాన కురిసినదనుకొందము. లోపలికి చేరునది సుమారు నాలుగున్నర అంగుళములు. ప్రతి యెకరమునకును భూమి చేయు వార్షికపు జమ ఇంతే.

ఖర్చు మాట యేమి? బోరు క్రింద తాబీ వరికి నారుమడి మొదలు కోతవఱకు సుమారు 48 అంగుళముల నీరు పెట్టబడును. అందులో ఇంచుమించు మూడవ వంతు మడిలోనుండి క్రిందికి దిగి మరల భూమిని చేరును. మిగిలిన 32 అంగుళములు ఆవిరియై పోవును. అవి తిరిగి రావు. జమ నాలుగున్నర, ఖర్చు ముప్పదిరెండు. అనగా బోరు క్రింద ఒక యెకరము తాబీ వరి, ఏడెకరముల భూమిపై కురిసిన వాననీటిని త్రాగివేయుచున్నది. వాన 30 అంగుళములకు తగ్గిన యేట అది పదెకరముల నీటిని త్రాగును. మక్కజొన్నకు 20 అంగుళముల నీరు పెట్టి, అందులో ఆఱవ వంతు తిరిగి వచ్చునని యెంచినచో, ఎకరమునకు నాలుగెకరముల వాననీరు చాలును. పెసలు, నువ్వులు మొదలగు స్వల్పకాలపు పైరులకు అంతకంటెను తక్కువ.

ఏడెకరములనునప్పుడు ఆ యేడెకరములు ఎవరివి? అచ్చటనే చిక్కు గలదు. ఐదెకరముల రైతు రెండెకరములు వరి నాటినచో పదునాలుగెకరముల నీరు వాడుకొనును. తక్కిన తొమ్మిదెకరముల నీరు ఇరుగుపొరుగు పట్టాలనుండి రావలెను. పొరుగువాడు బీడు పెట్టినంత కాలము కొఱత తెలియదు. అతడును బోరు వేసిన నాటినుండి ఇద్దఱి నీరును తగ్గును. అప్పుడు ఒకడు నూఱడుగులు లోతు పెంచును. రెండవవాడు రెండు నూర్లు పెంచును. గట్టు తగవు లేని అన్నదమ్ముల నడుమ బోరు తగవు పుట్టుట ఇట్లే.

గట్టిరాతి ప్రాంతమున ఈ చెఱువు ఎంత చిన్నదో మఱియొక లెక్కవలన తెలియును. నీటితో నిండిన మొరమును నూఱు పాళ్లు చేసినచో, అందులోనుండి బావిలోనికి జాఱివచ్చు నీరు సుమారు రెండు పాళ్లు. తక్కినదంతయు రాయియు, రాతికంటుకొని విడువని తేమయును. అందుచేత నాలుగున్నర అంగుళముల నీరు లోపలికి దిగినచో బావిలో మట్టము సుమారు 18 అడుగులు పైకి లేచును. ఆశ్వయుజ మాసమున బావి నిండుగా కనబడినప్పుడు రైతు మనస్సు పొంగుట సహజము. ఆ పదునెనిమిది అడుగుల మట్టము వెనుక నున్నది నాలుగున్నర అంగుళముల నీరేయని గుర్తుంచుకొనవలెను. ఒక యెకరము వరి ఖర్చుచేయు 32 అంగుళములు ఆ యెకరము క్రిందినుండియే రావలసియున్నచో మట్టము 130 అడుగులకు పైగా దిగవలెను. మొరమే అంత మందము లేదు.

పూర్వము మోట ఉండగా ఈ యాపద రాలేదు. దానికి రైతుల తెలివి కారణమనుట సరికాదు. ఎద్దుల అలసట కారణము. మోట తోలునప్పుడు బావి యడుగు కనబడినచో ఎద్దులను విప్పి, ఊట ఊరువఱకు ఆగుట తప్పనిసరి. బావియే నీరటివానివలె వంతు పెట్టుచుండెను. విద్యుత్తు మోటారునకు అలసట లేదు. 2004 నుండి సేద్యమునకు విద్యుత్తు ఉచితమైనది. తెలంగాణములో 2018 జనవరి 1వ తేదీనుండి రేయింబవళ్లు 24 గంటలు సరఫరా యగుచున్నది. కొన్ని గంటలే విద్యుత్తు వచ్చు దినములలో, రైతు నిద్రలో నున్నను మోటారు తనంత తాను నడచుటకై ఆటో స్టార్టరు పెట్టబడెను. ఇరువదినాలుగు గంటల సరఫరా వచ్చిన పిదపను దానిని తీసివేయనిచోట మోటారు నిలుచుట యుండదు. మడి నిండి గట్టు తెగి నీరు వాగున పాఱుచుండును. ఉచిత విద్యుత్తు రైతునకు గొప్ప యుపకారమే. అయినను ఖర్చు లేని విద్యుత్తుతో ఖర్చు చేయబడు నీరు మాత్రము ఉచితముగా తిరిగి రాదు.

లోతు పెంచినచో నీరు పెరుగునను నమ్మకము బలముగా నున్నది. మొరము దాటిన పిదప నీరుండు స్థలము తగ్గునే గాని పెరుగదు. లోతు బోరులో తగిలిన పగులు మొదటి నెల నిండుగా పోసి, మూడవ నెల చిక్కిపోవుట తఱచుగా జరుగును; ఎందుకనగా ఆ పగులు పైనున్న మొరమునుండియే నీటిని తెచ్చుకొనవలెను, ఆ మొరము అప్పటికే యెండియుండును. మూడు బోర్లు వట్టిపోయి నాలుగవదానికై వడ్డీకి అప్పు తెచ్చిన కుటుంబములు ఏ యూరిలో లేవు? భూమిని నిలుపుకొనుటకు వేసిన బోరే భూమి నమ్మించిన సంగతులు తెలంగాణమంతటను కలవు. లోతునీటికి మఱియొక దోషము గలదు. గట్టిరాతితో చిరకాలము కలిసియున్న నీటిలో ఫ్లోరైడు హెచ్చుగా నుండవచ్చును. 1937లో నాటి నెల్లూరు జిల్లాయందలి దర్శి, పొదిలి ప్రాంతములలో ఎముకలు వంగు జబ్బునకు కారణము త్రాగునీటిలోని ఫ్లోరైడేయని వైద్యులు గుర్తించిరి. నల్లగొండ జిల్లా యీ బాధకు పేరుపడినది. సేద్యపు బోరునుండియే ఇంటికి త్రాగునీరు తెచ్చుకొనువారు ఆ నీటిని ఒకసారి పరీక్ష చేయించుట మంచిది.

ఇక గనుల సంగతి. రామగుండము ప్రాంతమున బావి యెండినప్పుడు రైతు మొదట చూపు దిక్కు బొగ్గుగని. ఇందు కొంత నిజము గలదు, కొంత లేదు. 1871లో డాక్టరు విలియం కింగు ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను; 1920లో సింగరేణి కాలరీసు కంపెనీ ఏర్పడెను; గోదావరిఖని వైపు తవ్వకములు ఆ పిదప సుమారు నలుబదేండ్లకు మొదలయ్యెను. బొగ్గు పొరలకు పైనను క్రిందను ఉన్న ఇసుకరాయి నీటితో నిండియుండును. ఆ నీటిని తోడనిదే బొగ్గు తవ్వుటకు వీలుపడదు. పైనుండి తెఱచి తవ్వు గని వందల యడుగుల లోతున నొక మహా బావివంటిది. చుట్టుపట్ల నీటిమట్టము గరాటువలె దానివైపు వాలును. దగ్గఱనున్న ఇసుకరాతి బావులకు నష్టము కలుగుట సహజము. దూరము పెరిగిన కొలది ఆ నష్టము తగ్గును. సుల్తానాబాదు వైపు గట్టిరాతిలోని బావికి ఆ గనితో సంబంధముండుట అరుదు; అచ్చట యెండిన బావికి చుట్టునున్న మోటారులే కారణమని యెంచవలెను.

ఈ రెండు కారణములను వేఱుచేయుటకు సాధనము కొలతయే. వానకాలమున లేచి, పుష్యమాసము మొదలు వైశాఖమువఱకు దిగు మట్టము మోటారుల పనిని చూపును. మంచి వానలు కురిసిన యేడును లేవక, మోటారులు నిలిచిన నెలలలోను దిగుచునే యుండు మట్టము గనివైపు వేలు చూపును. నాలుగేండ్ల కొలతలు తేదీలతో వ్రాసియుంచిన గ్రామము అధికారుల యెదుట మాటాడు తీరు వేఱు. బావి యెండినదని నోటితో మాత్రమే చెప్పు గ్రామము తీరు వేఱు. గనులనుండి తోడిన నీటిలో కొంత చుట్టుపట్ల చెఱువులకును పొలములకును మళ్లింపబడుచున్నది. తమ చెఱువునకు అట్టి నీరు కావలెనని అడుగు గ్రామస్థులు, ఆ నీటి కఠినత్వమును, లవణములను ముందుగా పరీక్షింపజేసి పిమ్మట పొలమునకు పెట్టుట యుక్తము.

నది ప్రక్కనే యుండగా బావినీటి చింత ఏల యని గోదావరి తీరపు రైతులు అడుగవచ్చును. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరామసాగరపు కాకతీయ కాలువ నీరు ఈ సీమలోని బావులకు ఎంతో మేలు చేసినది. కాలువ పాఱిన నెలలలో దాని ప్రక్క బావులు నిండుట అందఱును చూచినదే. ఎల్లంపల్లి జలాశయము 20 టి.ఎం.సి.ల నీటిని పట్టును. 2019 జూనులో కాళేశ్వరపు పథకము ప్రారంభింపబడి, సుందిళ్ల, అన్నారముల కడ గోదావరి నిలిచెను. వెనుక జలముల యొడ్డున బోర్లు వేసిన వారు కలరు. 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజు స్తంభములు కుంగెను. పిదప అన్నారము, సుందిళ్లలలోని నీటిని సహితము వదలివేయవలసి వచ్చెను. ఆ నీటిని నమ్మి నాటిన తాబీ మడులకు మిగిలిన యాధారము బోరొక్కటియే. కాలువ నీరు వచ్చిన యేట బోరును విశ్రమింపజేసి, రాని యేటికి భూమిలో నిలువ చేసికొనినవాడు లాభపడును. రెండును కలిపి రెట్టింపు నాటినవానికి, కాలువ నిలిచిన యేట రెట్టింపు నష్టము.

లెక్కను గ్రామమున కన్వయించి చూతము. ఊరి భూమి 1,000 ఎకరములు అనుకొందము. ఎకరమునకు 4.4 అంగుళముల చొప్పున జమ 4,400 ఎకరపు అంగుళములు. అందులో పదవ వంతు వాగులలోనికి ఊటగా పోవును; ఇంచుమించు 4,000 మిగులును. అంతయు వరికే పెట్టినచో 125 ఎకరములు పండును. మక్కజొన్నకు పెట్టినచో 235 ఎకరములు పండును. 60 ఎకరములు వరి వేసి తక్కిన నీటిని మక్కకు పెట్టినచో మఱి 120 ఎకరములు వచ్చును. ఊరిలో 100 ఎకరముల నీటి విస్తీర్ణముగల చెఱువు నాలుగు నెలలు నిలిచినచో, దాని యడుగునుండి దిగు నీరు మఱియొక 20 ఎకరముల వరికి సరిపోవును. 2015లో మిషన్ కాకతీయ పేరిట మొదలిడిన పూడికతీత పని చెఱువు పట్టునీటిని పెంచుటకే గాక, ఈ క్రింది చెఱువునకు దారి తీయుటకును తోడ్పడునది. కట్టకు దూరముగా బోరు గల రైతు సహితము తన యూరి చెఱువు పూడికను తన పనిగా నెంచవలసియున్నది. పై లెక్కలో త్రాగునీరు, పశువుల నీరు, వానకాలపు పైరునకు బెట్టలో పెట్టు తడులు చేరలేదు. వానిని ముందుగా తీసియుంచిన పిదపనే తాబీ వంతులు.

ఇట్టి లెక్క రైతులచేత సాధ్యమా యను సందేహమునకు సమాధానము మన చెంతనే కలదు. 2003 నుండి కొన్నియేండ్లు, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ సహాయముతో, అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబునగరము, నల్లగొండ జిల్లాలలో ఆఱువందలకు పైగా పల్లెల రైతులు తమ బావుల మట్టమును తామే పదునైదు దినముల కొకసారి కొలిచిరి. వాననుకూడ తామే కొలిచిరి. కార్తికమున సభ చేరి, ఉన్న నీరెంత, తలపెట్టిన పైరుల కక్కఱ యెంత యని గోడపై వ్రాసి చూచుకొనిరి. ఎవరిని ఏమి వేయవలదని ఎవరును ఆజ్ఞాపింపలేదు. అయినను లెక్క కన్నుల కెదురుగా నిలిచిన పిదప పెక్కు గ్రామములలో యాసంగి వరి విస్తీర్ణము తగ్గి, తక్కువ నీటి పైరులు పెరిగెను. దూరదేశమున అమెరికాలో ఎనిమిది రాష్ట్రముల క్రింద వ్యాపించిన ఒగల్లాల యను గొప్ప జలనిధియు మోటారులవలన దిగిపోవుచున్నది. అచ్చట కాన్సాసు రాష్ట్రమున షెరిడాను ప్రాంతపు రైతులు 2013 మొదలు ఐదేండ్లలో ఎకరమునకు మొత్తము 55 అంగుళములకు మించి తోడరాదని కట్టుబాటు చేసికొనిరి. దిగుబడి కొంత తగ్గినను ఖర్చును తగ్గుటచే ఆదాయమునకు కొఱత రాలేదు. గడువు తీరిన పిదప 2018లో వారు దానిని మరల పొడిగించుకొనిరి.

బొట్టు సేద్యమును గూర్చి ఒక హెచ్చరిక. గొట్టములతో మొదట తడుపు పద్ధతివలన మక్క, మిర్చి, కూరగాయలకు నీరు తక్కువ పట్టుననుట నిజమే. వరిమడిలో నీరు ఆఱంగుళములు దిగువకు ఇంకువఱకు ఆగి మరల తడి పెట్టు పద్ధతియు మేలైనదే. మడిలో రంధ్రముల గొట్టము పాతి మట్టము చూచుకొనవచ్చును. కాని ఆదా యయిన నీటితో మఱి రెండెకరములు అదనముగా నాటినచో భూమికి మిగిలినది యేమియు లేదు. మునుపు మడినుండి దిగి తిరిగి చేరుచుండిన నీరును అప్పుడు చేరదు. ఆదా చేసినవాడు విస్తీర్ణమును పెంచకుండ నిలిపినప్పుడే మట్టము నిలుచును.

చట్టము సంగతియు తెలిసియుండవలెను. 2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము, అనగా వాల్టా, ప్రకారము బావులను నమోదు చేయించవలెను. ఊరి త్రాగునీటి బావికి 250 మీటర్ల లోపల అనుమతి లేనిదే క్రొత్త బావి వేయరాదు. చట్టము బోరును ఆపగలదు గాని, ఉన్న బోర్ల నడుమ వంతులు పెట్టలేదు. ఆ పని గ్రామస్థులదే.

కొలుచుటకు పెద్ద సాధనము లక్కఱలేదు. ఊరి నలుదిక్కుల నాలుగైదు బావులను, తోడకుండ విడిచిన పాత బోర్లను ఎన్నుకొని, అడుగడుగునకు ముడివేసిన త్రాటికి గుండు కట్టి దింపవలెను. తెల్లవాఱుజామున, మోటారులు నిలిచి కొన్ని గంటలైన పిదప కొలిచినచో నిజమైన మట్టము తెలియును. మోటారు నడచుచుండగా కొలిచినది లెక్కకు రాదు. గట్టునుండి నీటివఱకు ఎన్ని యడుగులో తేదీతో ఒక పుస్తకమున వ్రాసి, ఆ పుస్తకమును ఒక యింటిలో గాక పంచాయతీ కచేరీలో ఉంచవలెను. మొదటి కొలత మే నెలాఖరున, తొలకరికి ముందు. రెండవది నవంబరులో, తాబీ నారు పోయుటకు ముందు. ఈ రెండు అంకెల భేదమే ఆ యేటి జమ. నారు పోసిన పిదప సభ చేయుట వలన ప్రయోజనము లేదు. నారు పోసినవాడు నాటక మానడు.